ర్యాంకుల లిస్ట్ మూసేశాకే మాకు స్కాలర్‌షిప్ దారి దొరికింది

మీ ప్రశ్న చదువుతుంటే మూడేళ్ల కిందటి మా ఇల్లు గుర్తొచ్చింది. మీ అబ్బాయి పదకొండో తరగతి, కాలేజీ అడ్మిషన్ల పరీక్ష ఎస్ఏటీలో 1530, గ్రేడ్లన్నీ ‘ఏ’లే. మీ ఇద్దరి జీతాలు చూసి నీడ్ బేస్డ్ ఎయిడ్ (ఇంటి ఆదాయం చూసి ఇచ్చే సాయం) ఇవ్వరు, అలాగని ఏడాదికి 90,000 డాలర్లు కట్టుకునే స్తోమతా లేదు. మెరిట్ స్కాలర్‌షిప్ (ఆదాయంతో పని లేకుండా ప్రతిభ చూసి ఇచ్చేది) బాగా ఇచ్చే అమెరికన్ కాలేజీలను ఎలా వెతకాలి అన్నారు. మా అమ్మాయికీ అచ్చం ఇదే పరిస్థితి.

మేం ఏం చేశామంటే, ర్యాంకింగ్స్‌లో పైనుంచి ఇరవై పేర్లు రాసుకుని, వీటిలో ఏది ఎక్కువ డబ్బిస్తుందని వెతుక్కుంటూ కూర్చున్నాం. రెండు నెలలు దండగ. ఐవీ లీగ్ అనే గుంపులోని హార్వర్డ్ లాంటి 8 యూనివర్సిటీలూ మెరిట్ స్కాలర్‌షిప్ అసలు ఇవ్వవు. ఎంఐటీ కూడా ఇవ్వదు. అక్కడ వచ్చేదంతా ఇంటి ఆదాయం చూసి ఇచ్చేదే. సీటొచ్చిన ప్రతి పిల్లా పిల్లాడూ టాపరే అయినప్పుడు మెరిట్ పేరుతో ఎవరికని ఇస్తారు?

అయితే ఆదాయం చూసి ఇచ్చేది మీకు రాదని మీరే తేల్చేసుకోవద్దు. 2025–26 నుంచి హార్వర్డ్, ఎంఐటీ రెండూ మామూలు ఆస్తులుండి 2,00,000 డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాలకు ట్యూషన్ ఫీజు లేకుండా చేశాయి. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లోనూ మీ ఇంటికి నిజంగా ఎంత ఖర్చవుతుందో అంచనా వేసే నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది, చట్టప్రకారం ఉండి తీరాలి. ఒక ఆదివారం కూర్చుని పది కాలేజీలకు మీ లెక్కలు వేసి చూడండి. మేం ఆ పని చివర్లో చేశాం, మొదట్లోనే చేయాల్సింది.

అసలు మెరిట్ డబ్బు ఎందుకిస్తారో అర్థమైతే ఎక్కడ వెతకాలో దానంతటదే తెలుస్తుంది. ఇంకా పేరున్న చోటికి వెళ్లిపోగల పిల్లల్ని తమవైపు తిప్పుకోవడానికి కాలేజీ పెట్టే ఖర్చు అది. కాబట్టి మీ అబ్బాయి ఎక్కడ చేరితే అక్కడి క్లాసులో పైవరసలో ఉంటాడో, అక్కడే డబ్బుంటుంది. కష్టం మీద సీటొచ్చే చోట మెరిట్ డబ్బు ఆశించడం దండగ. ఇది మింగుడు పడటానికి మా ఆవిడకీ నాకూ చాలా రోజులు పట్టింది. చుట్టాల్లో, స్నేహితుల్లో చెప్పుకునే పేరు కావాలనే కోరిక అంత తేలిగ్గా పోదు మరి.

ఇక వెతికే పద్ధతి. చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అనే పత్రం విడుదల చేస్తాయి. కాలేజీ పేరు పక్కన ఈ మూడు మాటలూ కొట్టి గూగుల్ చేస్తే దొరుకుతుంది. అందులో సీ9 అనే భాగంలో చేరిన పిల్లల ఎస్ఏటీ స్కోర్లుంటాయి. మీ వాడి స్కోరు 75వ పర్సంటైల్‌కి పైన ఉందో లేదో చూడండి. తర్వాత హెచ్2ఏ అనే భాగానికి వెళ్లండి. ఆర్థిక సాయం అవసరం లేదని లెక్క తేలిన కుటుంబాల పిల్లల్లో ఎంతమందికి కాలేజీ తన డబ్బు ఇచ్చింది, సగటున ఎంతిచ్చింది అన్నది అక్కడ ఉంటుంది. ఆటల స్కాలర్‌షిప్‌లు ఆ లెక్కలో కలవవు. అంటే మీలాంటి, మాలాంటి వాళ్ల లెక్కే అది. ఫ్రెష్‌మెన్ (మొదటి ఏడాది పిల్లల) వరుసలోని ఆ సంఖ్యను మొత్తం ఫ్రెష్‌మెన్ సంఖ్యతో భాగించండి. నూటికి ఇద్దరికి వస్తోందంటే లాటరీ, ముప్పై మందికి వస్తోందంటే ఆశపెట్టుకోవచ్చు. సగటు మొత్తం కూడా చూడాలి సుమా. అందరికీ తలా కాస్త పంచి, బిల్లు మాత్రం అలాగే ఉంచే కాలేజీలూ ఉన్నాయి. నేను ఎక్సెల్‌లో నలభై కాలేజీలకు ఇలా రాసుకుంటే, వడపోసేసరికి పదకొండు మిగిలాయి. మా అమ్మాయి నన్ను చూసి నవ్వేది, తర్వాత ఆ షీట్ తనే ఫ్రెండ్స్‌కి పంపింది.

ఈ డబ్బు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి ఆటోమేటిక్. అలబామా యూనివర్సిటీ లాంటివి ఇంత జీపీఏ (గ్రేడ్ల సగటు), ఇంత స్కోరు ఉంటే ఇంత అని పట్టిక వెబ్‌సైట్‌లోనే పెడతాయి. మీ వరుసలో వేలు పెట్టి చూసుకోవడమే, టెన్షన్ ఉండదు. రెండోది పోటీ. వాండర్‌బిల్ట్‌లో కార్నీలియస్ వాండర్‌బిల్ట్ స్కాలర్‌షిప్, నార్త్ కరొలైనా యూనివర్సిటీ చాపెల్ హిల్‌లో మోర్‌హెడ్–కేన్, వర్జీనియా యూనివర్సిటీలో జెఫర్సన్, టెక్సస్ యూనివర్సిటీ డాలస్ (యూటీ డాలస్)లో మెక్‌డెర్మాట్, డ్యూక్–చాపెల్ హిల్ రెండూ కలిపి నడిపే రాబర్ట్‌సన్ ఇలాంటివి. ఇవి గొప్పవే, కానీ వేలమందిలోంచి కొద్దిమందినే తీసుకుంటారు. వీటి మీద ఆశ ఉండొచ్చు, ఇంటి బడ్జెట్ మాత్రం వీటి మీద కట్టకండి. ఆటోమేటిక్‌గా డబ్బొచ్చేవి, మీ వాడు ఇష్టంగా వెళ్లేవి రెండు మూడు చేతిలో ఉంచుకుని పోటీవాటికి వెళ్లండి.

ఇక ఎస్ఏటీకి ముందు రాసే పరీక్ష పీఎస్ఏటీ సంగతి. పదకొండో తరగతి అక్టోబర్‌లో రాసేదే నేషనల్ మెరిట్ అనే దేశవ్యాప్త స్కాలర్‌షిప్ పోటీకి లెక్క. మీ వాడు ఇప్పటికే రాసుంటే సెలక్షన్ ఇండెక్స్ (ఆ పోటీకి వాడే స్కోరు) 228కి ఎంత వచ్చిందో చూడండి. కటాఫ్ స్టేట్‌ని బట్టి మారుతుంది, న్యూజెర్సీలో ఎప్పుడూ బాగా ఎక్కువ. నేషనల్ మెరిట్ వాళ్లు స్వయంగా ఇచ్చే స్కాలర్‌షిప్ ఒక్కసారికి 2,500 డాలర్లే. అసలు లాభం ఫైనలిస్టుల కోసం కొన్ని యూనివర్సిటీలు విడిగా పెట్టిన ప్యాకేజీల్లో ఉంది. అలబామా, యూటీ డాలస్ ఆ పేర్లలో ముందుంటాయి. షరతులు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది పేజీయే చదవండి.

మాకు తగిలిన దెబ్బ డెడ్‌లైన్ దగ్గర. ఒక యూనివర్సిటీకి జనవరి 1 వరకు అప్లై చేయొచ్చని నిశ్చింతగా ఉన్నాం. సీటైతే వచ్చింది, స్కాలర్‌షిప్ ఊసే లేదు. తీరా చూస్తే మెరిట్ కావాలంటే నవంబర్ 1కే పంపాలట. వాళ్ల పేజీలో ఉంది, మేమే చదవలేదు. ఆ రాత్రి మా అమ్మాయి అన్నం తినలేదు, నాకు ఆ తేదీ ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అడ్మిషన్ తేదీ, స్కాలర్‌షిప్ తేదీ, ఆనర్స్ కాలేజీ (యూనివర్సిటీలోనే బాగా చదివేవాళ్లకు విడిగా నడిపే విభాగం) తేదీ మూడూ వేరువేరు గళ్లలో రాసుకోండి.

ఎర్లీ డెసిషన్ జోలికి పోవద్దని గట్టిగా చెప్తాను. సీటిస్తే చేరతానని ముందే మాటిచ్చేస్తున్నారు, ఇక పది చోట్ల ఆఫర్లు పక్కపక్కన పెట్టి చూసుకునే వీలెక్కడిది? ఎర్లీ యాక్షన్ వేరు. అందులో ముందుగా జవాబొస్తుంది, మాటకు కట్టుబడాల్సిన పని లేదు. మెరిట్ వేటలో ఉన్నవాళ్లకు అది మంచిది.

ఆఫర్ లెటర్ వచ్చాక పెద్ద అంకె చూసి మురిసిపోకండి. నాలుగేళ్లకు కలిపి రాశారా, ఏడాదికా? ఏటా కొనసాగాలంటే జీపీఏ ఎంత ఉండాలి? ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో 3.5 నిలబెట్టడం, 3.0 నిలబెట్టడం ఒకటి కాదు. ఫుల్ ట్యూషన్ అంటే హాస్టల్, భోజనం అందులో లేవని అర్థం. ఆ రెండిటికీ మళ్లీ వేలల్లో కట్టాలి.

మా అమ్మాయి చివరికి మా సొంత స్టేట్ పబ్లిక్ యూనివర్సిటీలో, ఆనర్స్ కాలేజీలో చేరింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు మొదట్లో ఆ పేరే లిస్టులో రాసుకోలేదు మేం. ఇన్‌స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రం వాళ్లకు వేసే తక్కువ ఫీజు) మీద మెరిట్ కూడా కలిసేసరికి హాస్టల్, తిండి ఖర్చే మిగిలింది. ఆనర్స్‌లో క్లాసులు చిన్నవి, రెండో ఏడాదికే ఒక ప్రొఫెసర్ ల్యాబ్‌లో పని దొరికింది. పశ్చిమ రాష్ట్రాల్లో ఉంటే డబ్ల్యూయూఈ (వెస్టర్న్ అండర్‌గ్రాడ్యుయేట్ ఎక్స్ఛేంజ్) అనే ఒప్పందం కూడా చూడండి. అందులో చేరిన ఇతర పశ్చిమ రాష్ట్రాల కాలేజీల్లో ఇన్‌స్టేట్ ఫీజుకి ఒకటిన్నర రెట్లు మించి తీసుకోరు.

మీరింకా హెచ్1 వీసా మీదే ఉండి, బాబుది హెచ్4 అయితే ఫెడరల్ ఎయిడ్ (అమెరికా ప్రభుత్వ సాయం) రాదు, నేషనల్ మెరిట్‌కీ సిటిజన్‌షిప్, గ్రీన్ కార్డ్ షరతులున్నాయి. కాలేజీ సొంత డబ్బుకి మాత్రం ఒక్కోచోట ఒక్కో రూలు. ఫోన్ కాకుండా ఈమెయిల్‌లో అడగండి, జవాబు రాతపూర్వకంగా మీ దగ్గరుంటుంది.

ఒకటి మర్చిపోయాను. ట్యూషన్‌కీ, కోర్సు పుస్తకాలకీ వాడిన స్కాలర్‌షిప్ మీద టాక్స్ ఉండదు. హాస్టల్, భోజనాలకు వాడిన భాగం మాత్రం పిల్లాడి ఆదాయం కింద లెక్కకొస్తుంది. ఫుల్ రైడ్ (ఫీజు, హాస్టల్, భోజనం అన్నీ కలిపి) వచ్చినవాళ్లు ఏప్రిల్‌లో టాక్స్ లెక్కలప్పుడు ఇది చూసి కంగారు పడుతుంటారు.