386 బోర్డులో కీబోర్డ్ ఎర్రర్: ముందు ఆ బ్యాటరీ తీసేయండి

మీ పాత 386 కంప్యూటర్ మదర్‌బోర్డుకు పవర్ ఇస్తే డిస్‌ప్లే వస్తోంది, మెమరీ లెక్క పూర్తవుతోంది, తర్వాత కీబోర్డ్ ఎర్రర్ అని ఆగిపోతోంది, బ్యాటరీ చుట్టూ పచ్చగా పట్టింది అన్నారు కదండీ. టెన్షన్ పడకండి, మీ బోర్డు బతికే ఉంది. మళ్లీ పవర్ మాత్రం ఇవ్వకండి.

ఆ నీలం రంగు పీపాలాంటిది 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ. పాతబడితే కారుతుంది. కారేది యాసిడ్ కాదు, పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం. ఈ బోర్డుల్లో కీబోర్డ్ సాకెట్ చాలావరకు దాని పక్కనే ఉంటుంది, అందుకే ముందు దెబ్బ దానికే.

గ్లవ్స్ వేసుకుని బ్యాటరీ కట్ చేసి తీసేయండి. పచ్చటి చోట ఇయర్‌బడ్‌తో తెల్ల వెనిగర్ అద్దండి, సన్నగా నురగ రావచ్చు. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నీళ్లతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి.

అసలు పని ఇప్పుడే. మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (దారి తెగిందో లేదో చూపే మోడ్‌లో) పెట్టి, కీబోర్డ్ సాకెట్‌లో సిగ్నల్ మోసే క్లాక్, డేటా పిన్నుల నుంచి కీబోర్డ్ కంట్రోలర్ చిప్ వైపు వెళ్లే రాగి గీతలు ఒక్కొక్కటే చూడండి. సాకెట్‌కు 5 వోల్టులు వచ్చే దారి కూడా వదలొద్దు, అందులో చిన్న ఫ్యూజు ఉండొచ్చు. ఎక్కడైనా గీత నల్లబడితే బ్లేడుతో పైపూత గీకండి. రాగి మెరవకపోతే ఆ గీతను నమ్మకండి, సన్నటి తీగతో జంపర్ వేయండి.

కొత్తగా సీఆర్2032 అనే లిథియం బిళ్ల బ్యాటరీ పెట్టాలంటే డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) తప్పనిసరి. బోర్డు బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది, లిథియం బిళ్లకు అది ప్రమాదం. అది పెట్టాక కంప్యూటర్ సెటప్ స్క్రీన్‌లో తేదీ నిలబడిందో లేదో చెప్పండి.