బెంగళూరు గాలి బాగుపడాలంటే కేంద్రం ఏం చేయాలి, కార్పొరేషన్ ఏం చేయాలి?

ఇంధనం, ఇంజిన్ల ప్రమాణాలు కేంద్రం చేతిలో ఉంటాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 (భారత్ స్టేజ్-6, వాహనాల పొగపై ప్రమాణాలు) వచ్చాక డీజిల్‌లో గంధకం పరిమితి 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50 భాగాలు) నుంచి 10కి దిగింది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో బెంగళూరూ ఉంది.

కానీ మారతహళ్లిలో ఉండే మనవాళ్లకు రోజూ కళ్లలో పడేది రోడ్డు దుమ్ము. కేబుల్ కోసం తవ్వుతారు, మట్టి పక్కనే వదిలేస్తారు, వచ్చే ప్రతి బస్సూ దాన్ని మళ్లీ లేపుతుంది. పొద్దున్నే చీపురుతో పొడిగా ఊడ్చినా అంతే, దుమ్ము చోటు మారుతుంది. తవ్విన చోట వెంటనే తారు, రోడ్డు అంచుదాకా ఫుట్‌పాత్, ఊడ్చే యంత్రాలు, కడుతున్న భవనాల చుట్టూ పరదాలు, చెత్త తగలబెడితే జరిమానా: ఇవన్నీ స్థానిక సంస్థల పనులే. నన్నడిగితే ముందు ఫుట్‌పాత్‌లే వేయాలి. మెట్రో స్టేషన్ దాకా నడవగలిగితే సగంమంది బండి తీయరు.