ఉల్క గీత చెరిగిపోయేలోపు ప్యాకెట్ దాటుతుందా?

ప్రశ్న: సర్, నేను హైదరాబాద్‌లో ఉంటాను, హామ్ (సరదాకి రేడియో నడిపేవాళ్ళ) లైసెన్స్ ఉంది. మా ఫ్రెండ్ ఢిల్లీలో ఉంటాడు, వాడూ హామే. ఇద్దరి దగ్గరా 144 మెగాహెర్ట్జ్ సెట్, యాగీ యాంటెన్నా, ప్యాకెట్ కోసం, అంటే రాసిన మాటల్ని ముక్కలుగా రేడియోలో పంపడానికి, మోడెం లాంటి టీఎన్‌సీ ఉన్నాయి. డిసెంబర్ 14 తెల్లవారుజామున జెమినిడ్స్ ఉల్కలు బాగా పడతాయంటే, వాటి గీతలకి తగిలి సిగ్నల్ దాటుతుందని ఇద్దరం కనెక్ట్ కొట్టి కూర్చున్నాం. ఎన్నిసార్లు కొట్టినా పది ట్రైలు వేయడం, లిమిట్ అయిపోయిందని ఆగిపోవడం, ఇదే వరస. అసలు ప్యాకెట్‌తో ఇది అయ్యే పనేనా?

జవాబు: అయ్యే పనే. మీ సెట్లలో లోపమేం లేదు, చిక్కంతా ఆ కనెక్ట్ దగ్గరే ఉంది.

ఉల్క అంటే చాలావరకు ఇసుక రేణువంత ఉంటుంది, సెకనుకి 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వచ్చి 80-120 కిలోమీటర్ల ఎత్తులో మండిపోతుంది, పోతూ పోతూ దారి పొడుగునా ఎలక్ట్రాన్లని ఊడగొట్టి ఒక సన్నటి గీత వదిలేస్తుంది. మీ సిగ్నల్ ఆ గీతకి తగిలి వంగి అటుపక్క ఎక్కడో 1200 కిలోమీటర్ల అవతల దిగుతుంది. కానీ ఆ గీత చెదిరిపోడానికి ఎంతోసేపు పట్టదు, 144 మీద చిన్న ఉల్కలైతే సెకనులో పదో వంతు, కొంచెం పెద్దవైతే అర సెకను, ఎప్పుడో ఒక మంచి ఉల్క పడితే కొన్ని సెకన్లు.

ఇప్పుడు కనెక్ట్ అంటే ఏంటో చూడండి. మీ టీఎన్‌సీ పిలవాలి, ఢిల్లీ టీఎన్‌సీ విని ఊఁ అనాలి, ఆ ఊఁ మీకు వినపడాలి, అప్పుడు మీరు డేటా పంపాలి, అది అందిందని వాళ్ళు మళ్ళీ చెప్పాలి. ప్రతిసారీ ట్రాన్స్‌మిటర్ లేవడానికని టీఎక్స్ డిలే ఒక 300 మిల్లీసెకన్లు పెట్టుకుని ఉంటారు కదా, అదే ఒక మామూలు ఉల్క గీత ఆయుష్షు కంటే ఎక్కువ. మీరు పిలిచిన గీత వేరు, వాళ్ళు ఊఁ అనేటప్పటికి కావాల్సిన గీత వేరు, ఆ రెండోది అదే క్షణానికి అక్కడే పడాలంటే ఎలా.

అందుకని కనెక్ట్ మానేయండి. కనెక్ట్ లేకుండా పంపే యూఐ ఫ్రేములు (ఫ్రేమంటే ఒక ప్యాకెట్), అంటే బీకన్‌కి, ఎవరినీ పిలవకుండా ఊరికే పంపే ప్రకటనకి, వాడేవే, వాటితో పంపండి, అదీ ఎంత పొట్టిగా వీలైతే అంత పొట్టిగా. లెక్క చెప్తాను. హామ్ ప్యాకెట్ పద్ధతి అయిన ఏఎక్స్.25 ఫ్రేములో రెండు కాల్‌సైన్లకి (స్టేషన్ల పేర్లకి) 14 బైట్లు, కంట్రోల్ వగైరాకి 2, తప్పులు పట్టే చెక్‌కి 2, ముందూ వెనకా ఫ్లాగులు 2, మొత్తం 20 బైట్లు, అంటే ఒక్క అక్షరం మెసేజ్ లేకుండానే 1200 బాడ్‌లో (సెకనుకి 1200 బిట్లు) 133 మిల్లీసెకన్లు పోతాయి. 20 అక్షరాలు కలిపితే 267. అదే చాలామంది వదిలేసినట్టు ప్యాక్‌లెన్ (ఒక ఫ్రేములో పట్టే అక్షరాలు) 128 పెట్టి ఫ్రేము నిండా రాస్తే దాదాపు ఒక సెకను. పైగా గీత మీ ఫ్రేము మొదలయ్యే టైముకే పుట్టదు, మధ్యలో పుడుతుంది, కాబట్టి ఒక ఫ్రేము కచ్చితంగా పూర్తిగా దొరకాలంటే గీత సుమారు రెండు ఫ్రేములంత సేపు నిలబడాలి. ఒక్క బిట్ పోయినా టీఎన్‌సీ ఆ ఫ్రేమంతా పారేస్తుంది, సగం మాట కూడా మీకు చూపించదు.

ఇది నేను స్వయంగా పడ్డ బాధ. చాలా ఏళ్ళ కింద మా డాబా మీద, చలికి దుప్పటి కప్పుకుని, ఉత్తరాదిలో ఉన్న ఒక మిత్రుడితో ఇలాగే కూర్చున్నాను. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు హిస్ ఆపేది) పూర్తిగా తెరిచి పెట్టాను, హిస్ మోగుతూనే ఉంది, ఉన్నట్టుండి ఆ హిస్ ఒక్కసారి తగ్గి మధ్యలోంచి బర్ర్ మని ప్యాకెట్ గొంతు, టీఎన్‌సీ మీద సిగ్నల్ వచ్చిందని చెప్పే డీసీడీ లైటు ఇలా వెలిగి అలా ఆరింది. స్క్రీన్ మీద మాత్రం ఏమీ లేదు. ఆ రాత్రి ఆ లైటు వెలగడం పదకొండు సార్లు లెక్కపెట్టాను, ఒక్క లైను రాలేదు, ఎందుకంటే అవతల ఆయన పేరు, ఊరు, యాంటెన్నా వివరాలు, శుభాకాంక్షలు అన్నీ కలిపి ఒకే బీకన్‌లో పెట్టాడు. మర్నాడు ఫోన్ చేసి అవన్నీ తీసేయించి గ్రిడ్ (ఉన్న చోటు చెప్పే చిన్న కోడ్) ఒక్కటే ఉంచమన్నాను. ఆ తర్వాతి తెల్లవారుజామున 4.40కి ఒక లైను వచ్చింది. కాల్‌సైన్, గ్రిడ్, అంతే. ఆ లైనున్న కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

మీరూ అదే చేయండి. మీ గ్రిడ్ ఎంకే97, ఢిల్లీది ఎంఎల్88, అవి చాలు. టీఎన్‌సీని కిస్ మోడ్‌లో (ఫ్రేములు కంప్యూటరే తయారుచేసే పద్ధతి) పెట్టి కంప్యూటర్ నుంచి, లేదా డైర్‌వుల్ఫ్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో, ఒకసారి ట్రాన్స్‌మిట్ ఎక్కాక ఫ్రేము వెనక ఫ్రేము గ్యాప్ లేకుండా తోసేయండి. అప్పుడు టీఎక్స్ డిలే ఒక్కసారే పోతుంది, 15 సెకన్లలో 267 మిల్లీసెకన్ల ఫ్రేమైనా యాభై సార్లకి పైగా వెళ్తుంది. తర్వాతి 15 సెకన్లు మీరు నోరు మూసుకుని వినాలి, అప్పుడు ఢిల్లీ వాళ్ళు పంపాలి. ఇద్దరి గడియారాలు సెకనుతో సహా ఇంటర్నెట్ టైముకి కలిపి ఉండాలి, లేదంటే ఇద్దరూ ఒకేసారి పంపుకుంటూ ఇద్దరూ వినకుండా ఉంటారు. ఇంకోటి, మీ దగ్గర సైడ్‌బ్యాండ్ (ఎఫ్ఎం కాని ఇంకో రకం ప్రసారం) ఉన్న సెట్ ఉంటే దాంతో కూడా ట్రై చేయండి, బలహీనమైన సిగ్నల్ దగ్గర ఎఫ్ఎం చాలా త్వరగా చేతులెత్తేస్తుంది. 50 మెగాహెర్ట్జ్‌లో పంపడానికి మీ లైసెన్స్ ఒప్పుకుంటే అది ఇంకా మంచిది, మామూలు చిన్న ఉల్కల గీత అక్కడ 144 కంటే సుమారు ఎనిమిది రెట్లు ఎక్కువసేపు పనికొస్తుంది.

డేటాకి ఉల్కల్ని వాడుకోవడం గాలిలో మేడ కాదు. అమెరికా పడమటి కొండల్లో మంచు ఎంత పడిందో చెప్పే స్నోటెల్ స్టేషన్లు 1970ల చివర్నుంచి దశాబ్దాల పాటు 40 మెగాహెర్ట్జ్ దగ్గర ఇలాగే రిపోర్టులు పంపాయి. వాళ్ళ పద్ధతి నాకు చాలా ఇష్టం, మెయిన్ స్టేషన్ ఊరికే పిలుస్తూ ఉండేది, కొండ మీది స్టేషన్‌కి ఆ పిలుపు వినపడిందంటే ఇప్పుడు గీత ఉన్నట్టే కదా, వెంటనే తన డేటా కుమ్మరించేసేది.

హామ్‌లలో 144 మీద మొదట సాధించింది అమెరికాలో పాల్ విల్సన్, రాల్ఫ్ థామస్, 1954 అక్టోబర్‌లో, మోర్స్‌తో. ఇప్పుడు అందరూ వాడేది జో టేలర్ మొదలుపెట్టిన డబ్ల్యూఎస్‌జేటీ అనే సాఫ్ట్‌వేర్, ఆయన పల్సార్లనే నక్షత్రాల మీద పనికి 1993లో ఫిజిక్స్ నోబెల్ తీసుకున్న మనిషి. అందులోని ఎంఎస్‌కే144 అనే పద్ధతిలో ఒక మెసేజ్ 72 మిల్లీసెకన్లలో అయిపోతుంది, తప్పులు సరిచేసే కోడ్ కూడా అందులోనే ఉంటుంది. మొదట దాంతో ఢిల్లీ అందుకోండి, దారి ఉందని నమ్మకం కుదురుతుంది, ఆ తర్వాత ప్యాకెట్‌తో మొదలెట్టండి.

ప్రశ్న: నమస్తే సర్, వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాను. మా అన్నయ్య హైదరాబాద్‌లో రేడియో పెట్టుకుని ఢిల్లీ వైపు వింటుంటే నేను పక్కనే ఆకాశం చూస్తూ కూర్చున్నా. నెత్తి మీద పెద్ద పెద్ద ఉల్కలు పడ్డా రేడియోలో ఏమీ లేదు, నేనేమీ చూడనప్పుడు పింగ్‌లు (క్షణం పాటు వినపడే సిగ్నళ్ళు) వచ్చాయి. ఎందుకిలా?

జవాబు: బాగా గమనించావమ్మా. నీ నెత్తి మీద పడిన ఉల్క మీ అన్నయ్యకి పనికిరాదు. హైదరాబాద్‌కీ ఢిల్లీకీ మధ్య దూరం సుమారు 1250 కిలోమీటర్లు, రెండిటికీ మధ్యలో ఉండేది దాదాపు భోపాల్. ఆయనకి కావాల్సిన గీతలు ఆ చుట్టుపక్కల ఆకాశంలో పడాలి. వంద కిలోమీటర్ల ఎత్తు ఉన్నా భూమి వంపు వల్ల మీకు అది ఉత్తరాన నేల అంచుకి ఆరేడు డిగ్రీల పైనే ఉంటుంది, చెయ్యి చాచి మూడు వేళ్ళు పక్కపక్కన పెడితే ఎంతో దాదాపు అంత. సిటీలో అక్కడ బిల్డింగులూ లైట్లే కనిపిస్తాయి. యాంటెన్నా కూడా ఆకాశంలోకి కాదు, ఉత్తరానికి దాదాపు నేలబారుగా పెట్టాలి.

ప్రశ్న: ఆగస్టులో పర్సీడ్స్ ఉల్కల టైముకి మాకు విజయవాడలో ఎప్పుడూ మబ్బే. అప్పుడు రేడియో పెట్టుకుని లాభముందా?

జవాబు: మబ్బులకీ దీనికీ సంబంధమే లేదండి, అవి ఇరవై కిలోమీటర్ల లోపే, గీతలు వంద కిలోమీటర్ల మీద. పగలు కూడా పనిచేస్తుంది. ఆగస్టు 12, 13 తేదీల్లో తెల్లారుజామున మూడు నుంచి ఏడు దాకా వినండి, ఆ టైములో మనం భూమికి ముందు వైపు ఉంటాం, వానలో పరిగెత్తే మనిషికి చినుకులు ముఖానికే ఎక్కువ తగిలినట్టు ఉల్కలు మనకే ఎక్కువ తగుల్తాయి. సాయంత్రం ఆరింటికి కూర్చోకండి, రోజు మొత్తంలో అన్నిటికంటే తక్కువ పడేది అప్పుడే. కాకపోతే వానాకాలం కాబట్టి ఉరుములు మొదలైతే వెంటనే కేబుల్ పీకేసి కిందికి వచ్చేయండి, పర్సీడ్స్ మళ్ళీ ఏడాది వస్తాయి.