తేనెపిట్టలు వాలే పాదా? కాశీరత్నం తీగా?

సందేహం: మేం టెక్సస్‌లో ఉంటాం. మా పెరటి కంచెకు దారాల్లాంటి ఆకులు, చిన్న చిన్న ఎర్రపూలు ఉన్న తీగ అల్లుకుంది. ఇక్కడ సైప్రస్ వైన్ అని, హమ్మింగ్‌బర్డ్ వైన్ అని అంటారు. దాని పెంపకం గురించి తెలుగులో రాస్తూ ‘తేనెపిట్టలు వాలే పాదు, విత్తనాలు నాటే విధానం’ అని శీర్షిక పెట్టాను. సరైనదేనా?

సమాధానం: మీ తీగ కాశీరత్నం. ఇంత చక్కని పేరు వాడుకలో ఉండగా కొత్త పేరు కట్టనక్కర్లేదు. ఒక్క గుర్తు సరిచూసుకోండి. ఆకు నడిమి ఈనెకు రెండు పక్కలా సన్నని పోగుల్లా చీలి ఉంటే కాశీరత్నమే. చీలికలు వెడల్పుగా ఉంటే అది కాశీరత్నం నుంచి పుట్టిన సంకరం, అక్కడ కార్డినల్ క్లైంబర్ అంటారు. పెంపకం రెండింటికీ ఒకటే.

‘తేనెపిట్ట’ మాత్రం మార్చాలి. మన తేనెపిట్ట జాతి అమెరికాలో లేదు. హమ్మింగ్‌బర్డ్ అమెరికా ఖండాలు దాటి మరెక్కడా లేదు. రెండూ పూదేనె తాగేవే కానీ కుటుంబాలు వేరు. హమ్మింగ్‌బర్డ్ అనే రాయండి. ‘వాలే’ కూడా పొసగదు. తేనెపిట్ట ఎక్కువగా కాడనో రెమ్మనో పట్టుకుని తాగుతుంది. హమ్మింగ్‌బర్డ్ పువ్వు ఎదుట గాలిలోనే నిలిచి తాగుతుంది. ‘వచ్చే’ అంటే చాలు.

పాదు అన్నది తప్పని కొట్టేయలేం. బీరపాదు, సొరపాదు, చిక్కుడుపాదు అని కూరతీగలకు ఎక్కువగా వాడతాం, కొన్నిచోట్ల మల్లెపాదు అనీ అంటారు. అయితే చెట్టు మొదట్లో నీళ్లకు తీసే గుంత కూడా పాదే కాబట్టి, పెంపకం చెప్పే వ్యాసంలో తీగ అంటేనే అయోమయం ఉండదు. బీరకు ఉన్నట్టు దీనికి నులితీగలు లేవు, కాడే మెలితిరిగి ఎక్కుతుంది. అందుకే లావు స్తంభం కంటే నిలువుగా కట్టిన సన్నని పురికొస మేలు.

అన్నిటికంటే ముఖ్యం ‘నాటే’ అన్న మాట. మొక్క నాటుతాం, గింజ విత్తుతాం, లేదా పెడతాం. కాశీరత్నం విషయంలో ఈ తేడా పాటించకపోతే చదివినవారి మొక్కే పోతుంది. దీని వేరు కదిలితే మొక్క డీలా పడుతుంది, కనుక నారు పోసి మార్చకుండా పెరగాల్సిన చోటే గింజ పెట్టాలి. మంచు కురిసే రోజులు పూర్తిగా పోయాక, బాగా ఎండ తగిలేచోట, అర అంగుళం లోతున, అడుగుకొకటి చొప్పున పెట్టండి. గింజ పైపొర గట్టిది. ఉప్పుకాగితం మీద కాస్త రుద్ది, రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానేస్తే వారం పదిరోజుల్లో మొలుస్తుంది. మొదటి జత ఆకులు పోగుల్లా ఉండవు, రెండుగా చీలిన తోకలా ఉంటాయి. కలుపు అనుకుని పీకేసేది ఇక్కడే. యూరియాలాంటి నత్రజని ఎరువు ఎక్కువైతే ఆకు గుబురుగా పెరిగి పూత తగ్గుతుంది.

మీ వ్యాసంలో మరో మాట చేర్చండి. గింజలు విషం, పిల్లలకు అందనివ్వకూడదు. టెక్సస్‌లాంటి వెచ్చని చోట్ల రాలిన గింజలు మరుసటేడు పెరడంతా మొలుస్తాయి. కాయ గోధుమరంగుకు తిరిగి పగలక ముందే కోసేయాలి.