పాఠకుల ప్రశ్నలు – జవాబులు: స్కాన్ చేసిన కాగితాల్లో తెలుగు సరిగ్గా పడాలంటే

ప్రశ్న (ఒంగోలు, న్యాయవాది కార్యాలయం నుంచి): మా ఆఫీసు దస్తావేజులు, అడంగల్ నకళ్లు, కోర్టు కాయితాలు అన్నీ పేపర్‌లెస్ ఎన్‌జీఎక్స్‌లోకి (స్కాన్ చేసిన కాగితాలను దాచి, వెతికిపెట్టే సాఫ్ట్‌వేరు) ఎక్కిస్తున్నామండీ. ఇంగ్లిషువి వెతికితే దొరుకుతున్నాయి. తెలుగువి తెరిచి చూస్తే అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు కనపడుతున్నాయి. 200 డీపీఐలో (అంగుళానికి 200 చుక్కలు) నలుపు తెలుపు స్కాన్ చేస్తున్నాం. సాఫ్ట్‌వేరు మార్చేయమంటారా?

జవాబు: మార్చనక్కర్లేదు. ఇందులో లోపల బొమ్మలోని అక్షరాలను చదివే (దీన్నే ఓసీఆర్ అంటారు) ఇంజిన్ టెసరాక్ట్. దానికి తెలుగు వచ్చు. అయితే డాకర్‌లో (ప్రోగ్రామును దానికి కావలసిన వాటితో సహా ‘కంటైనర్’ అనే పెట్టెలో నడిపే సాధనం) పేపర్‌లెస్ పెట్టుకుంటే ఇంగ్లిషు, జర్మన్, ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్ మాత్రమే వెంట వస్తాయి. తెలుగు ఫైలు మనమే తెప్పించుకోవాలి. ఇందుకు రెండు అమరికలున్నాయి. పేర్లు ఇంచుమించు ఒకటే కాబట్టి చాలామంది ఒకటి మార్చి రెండోది వదిలేస్తారు. ‘ఓసీఆర్ లాంగ్వేజెస్’ అనే దాంట్లో తెలుగు కోడు (టీ, ఈ, ఎల్) రాస్తే ఫైలు దిగుతుంది. ‘ఓసీఆర్ లాంగ్వేజ్’ అనే దాంట్లో తెలుగు, ఇంగ్లిషు కోడ్లను కూడిక గుర్తుతో కలిపి రాస్తే అప్పుడు వాడుకుంటుంది. తెలుగు కోడు ముందుండాలి. ఉన్నాయి కదా అని హిందీ, ఉర్దూ కూడా చేర్చకండి. పని నెమ్మదిస్తుంది, తప్పులూ పెరుగుతాయి.

కంటైనర్‌ను మళ్లీ మొదలుపెట్టాక కూడా పాత కాగితాలు వాటంతట అవి బాగుపడవు. జాబితాలో వాటిని ఎంచుకుని ‘రీప్రాసెస్’ నొక్కాలి.

కానీ మీ అసలు నష్టం స్కానర్ దగ్గరే జరుగుతోంది. 10 పాయింట్ల అక్షరానికి 200 డీపీఐలో మొత్తం ఎత్తు 28 పిక్సెళ్లు. ఇంగ్లిషుకు అది సరిపోవచ్చు. తెలుగులో ఆ కొద్ది జాగాలోనే గుడి, తలకట్టు, ఒత్తు అన్నీ ఇమడాలి. ఒత్తు ముద్దయిపోతే ఇంజిన్ దాన్ని వదిలేస్తుంది, లేదా పక్క అక్షరానికి అంటిస్తుంది. 300 డీపీఐలో ఎత్తు సుమారు 42 పిక్సెళ్లు, 400లో 56. మామూలు తెలుగు ముద్రణకు 300 చాలు. చిన్న అక్షరాల అడంగల్ నకళ్లకు, జిరాక్సు మీద జిరాక్సు తీసిన వాటికి 400 పెట్టండి. ఏ4 కాగితం 300లో దాదాపు 87 లక్షల పిక్సెళ్లు, 400లో కోటి 55 లక్షలు. 600కి వెళితే మూడున్నర కోట్లు. ఫైలు బరువు, సమయం పెరగడమే తప్ప, అంత మేర ఫలితం ఉండదు.

నలుపు తెలుపు వద్దు, గ్రే స్కేల్ (బూడిదరంగు ఛాయలు) పెట్టండి. నలుపు తెలుపులో ఏ చుక్క ఉండాలో ఏది పోవాలో స్కానరే తేల్చేస్తుంది. ‘థ’ లోపలి చుక్క పోతే ‘ధ’, ‘ఫ’ కింది గీత పోతే ‘ప’ మిగులుతుంది. అలా పోయింది మళ్లీ తేలేం. స్కానర్ డ్రైవర్‌లో మచ్చలు తుడిచే ‘డెస్పెకిల్’ కూడా ఇదే నష్టం చేస్తుంది, తీసేయండి. కాగితం వంకరను సరిచేసే ‘డెస్క్యూ’ మాత్రం పెట్టి ఉంచండి. వంకరగా ఉంటే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులతో కలిసిపోయి వరుసలే తప్పుగా విడిపోతాయి.

పల్చటి కాగితంలో వెనక రాత కనిపిస్తుంటే దాని వెనక నల్ల చార్టు ముక్క పెట్టి స్కాన్ చేయండి. స్కానర్ మూత తెల్లగా ఉండటం వల్లే ఆ నీడ పడుతుంది. అక్షరాల మీద ఊదారంగు సీలు పడిన చోట రంగులో స్కాన్ చేసి, జింప్‌లో (బొమ్మలను సవరించే ప్రోగ్రాము) కలర్స్, కాంపొనెంట్స్, డీకంపోజ్ నొక్కి నీలి పొరను తీసుకోండి. ఆ పొరలో సీలు పలచబడి నల్లటి అచ్చు నిలుస్తుంది. ఎర్ర సీలుకు ఎర్ర పొర. అసలు రంగు స్కాను కూడా భద్రపరచండి, కోర్టు పనికి అదే కావాలి.

చేతిరాత దస్తావేజుల మీద ఆశ పెట్టుకోకండి. టెసరాక్ట్ అచ్చు అక్షరాల కోసం తయారైంది. వాటికి దస్తావేజు నంబరు, సంవత్సరం, సర్వే నంబరు, ఊరు చేత్తో టైపు చేయడమే సరైన దారి.

ప్రశ్న (కావలి): మా సంఘం పాత కరపత్రాలు, సంచికల పీడీఎఫ్‌లు ఉన్నాయి. స్కాన్ కాదు, డీటీపీలో చేసినవి. అక్షరాలు స్ఫటికంలా ఉన్నా ఒక్క మాటా దొరకడం లేదు.

జవాబు: అవి అను ఫాంట్ల లాంటి పాత పద్ధతిలో చేసినవై ఉంటాయి. తెర మీద తెలుగు కనపడుతుంది, లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు. ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే తెలిసిపోతుంది. పీడీఎఫ్‌లో అక్షరాలు ఉన్నాయి కదా అని పేపర్‌లెస్ ఓసీఆర్ అమరికలోని ‘స్కిప్’ పద్ధతి ఆ పేజీని చదవకుండా దాటేస్తుంది. ‘రీడూ’ కూడా పనిచేయదు, అది పాత ఓసీఆర్ పెట్టిన కనపడని పొరను మాత్రమే తీసి మళ్లీ రాస్తుంది. వీటికి ‘ఫోర్స్’ పద్ధతి కావాలి. అది పేజీని బొమ్మగా మార్చి మొదటి నుంచి చదువుతుంది. పేపర్‌లెస్ అసలు ఫైలును విడిగా ఉంచుతుంది కాబట్టి భయం లేదు. ఈ సంచికల వరకు చేసుకుని, తర్వాత అమరికను పాత స్థితికి తెచ్చేయండి. లేకపోతే మంచి యూనికోడ్ (లోపల కూడా తెలుగు అక్షరాల సంకేతాలే ఉన్న) పీడీఎఫ్‌లు కూడా బొమ్మలై, ఉన్న శుద్ధమైన పాఠం పోతుంది.

ప్రశ్న (నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట, బియ్యం వ్యాపారం): కాటా చీటీల్లో బరువులు తప్పు పడుతున్నాయి. 3 కాస్తా 8 అవుతోంది. ఒక్కో లారీకి లెక్క తేలడం లేదు.

జవాబు: అంకెల విషయంలో ఓసీఆర్‌ను నమ్మి లెక్క రాయకూడదు. అక్షరం తప్పితే చదివేవాడికి తెలుస్తుంది, అంకె తప్పితే తెలియదు. మీ చీటీలోనే తనిఖీ ఉంది. గ్రాస్‌లోంచి (సరుకుతో లారీ బరువు) టేర్ (ఖాళీ లారీ బరువు) తీస్తే నెట్ (సరుకు బరువు) రావాలి. చదివిన మూడు అంకెలను ఎక్సెల్‌లో ఇలా సరిచూసి, కుదరని వరుసలను ఎర్రగా చూపించేలా పెట్టుకోండి. వాటిని మాత్రం చీటీతో పోల్చుకుంటే సరి.

డాట్ మాట్రిక్స్ చీటీ అయితే చుక్కల మధ్య ఖాళీలే చిక్కు. 300లో స్కాన్ చేసి కొద్దిగా బ్లర్ ఇస్తే చుక్కలు కలుస్తాయి. రిబ్బన్ పాతబడితే ఏం చేసినా ఫలితం ఉండదు, ముందు అది మార్పించండి. థర్మల్ చీటీ వెలిసిపోతుంది, అందినరోజే స్కాన్ చేయండి. టెసరాక్ట్‌ను నేరుగా నడుపుతుంటే పేజీ విభజన పద్ధతి 6 పెట్టండి, మొత్తాన్ని ఒకే దిమ్మగా చదువుతుంది.

స్కానర్‌లో ఎక్కువ కుదింపు ఉన్న పీడీఎఫ్ రకాన్ని వాడకండి. ఒకే పోలికతో ఉన్న అంకెలను గుంపు కట్టి, ఒకదాని బొమ్మను మరోదాని చోట పెట్టే కుదింపు పద్ధతి ఉంది. 2013లో జిరాక్స్ సంస్థ యంత్రాల్లో కొన్నిటిలో ఇలాగే 6 బదులు 8 పడుతున్నట్టు బయటపడింది. అలాంటప్పుడు ఓసీఆర్ తప్పేమీ ఉండదు, బొమ్మలోనే అంకె మారిపోయి ఉంటుంది.

ప్రశ్న (చీమకుర్తి, గ్రానైట్ రవాణా): డ్రైవర్లు బిల్లులు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. వాటిని చదివించలేమా?

జవాబు: ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది. పొడవు వైపు 1600 పిక్సెళ్లకు తగ్గితే ఏ4 కాగితానికి 137 డీపీఐ కిందే లెక్క. అదే ఫొటోను ‘డాక్యుమెంట్’గా పంపమనండి, ఉన్నది ఉన్నట్టు వస్తుంది. బిల్లును క్యాబిన్‌లో ఒళ్లో పెట్టుకుని కాకుండా బానెట్ మీద చదునుగా పరిచి, తమ నీడ పడకుండా, ఫ్లాష్ లేకుండా, నాలుగు మూలలూ కనపడేలా నిటారుగా పైనుంచి తీయాలి. కొత్త పద్ధతిని పరీక్షించేటప్పుడు బాగున్న బిల్లులు కాదు, మడతలు పడి గ్రానైట్ దుమ్ము అంటినవి ఓ పది తీసుకుని చూడండి.