'షెర్బూర్ గొడుగులు' (Les Parapluies de Cherbourg) అనే ఫ్రెంచ్ సినిమా ఇరవై నిమిషాలకే ఆపేశారా?

"అన్నీ పాడుతూనే ఉంటారు, అసలు పాట ఎప్పుడొస్తుందో తెలియట్లేదు" అన్నారు కదా, మొదటిసారి నాకూ అదే ఇబ్బంది. మన సినిమాల్లోలా పాట విడిగా వస్తుందని ఎదురుచూడకండి. జాక్ డెమీ 1964లో తీసిన ఈ సినిమాలో మాటలన్నీ సంగీత దర్శకుడు మిషెల్ లెగ్రాన్ బాణీలోనే ఉంటాయి. గ్యారేజీలో మెకానిక్‌ల కబుర్లు కూడా పాటే! దాన్ని మామూలు సంభాషణ అనుకుని చూడండి, పావుగంటలో చెవి అలవాటు పడుతుంది.

సబ్‌టైటిళ్లు మాత్రం తప్పనిసరి. రంగులు వెలిసిన పాత ప్రింటు కాకుండా పునరుద్ధరించిన ప్రింటే చూడండి. గోడల కాగితం రంగూ కథానాయిక జెనవీవ్ బట్టల రంగూ కలిసిపోవడం అందులోనే తెలుస్తుంది.

కనీసం జెనవీవ్ ప్రేమికుడు గీ, అల్జీరియా యుద్ధానికి బయల్దేరే రైల్వే స్టేషన్ సీను దాకా చూడండి. రైలు కదులుతుంది, ఆమె ప్లాట్‌ఫారం మీద చిన్నదైపోతూ ఉంటుంది. నాకు గొంతు పట్టేసింది. ఇక చివర్లో మంచు కురిసే పెట్రోల్ బంకు... అక్కడ "సూపరా, మామూలా" అని పెట్రోలు గురించి అడిగే మాట కూడా పాటే, కానీ అప్పటికి మీకు అది పాటలా అనిపించదు.