తేదీ ఖాయం చేసుకునే ముందు

చిట్టితల్లీ,

నువ్వు కడుపుతో ఉన్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా కాలు ఒక్కచోట నిలవడం లేదు. నిన్న మొన్నటి దాకా నా చెయ్యి పట్టుకుని నడిచినదానివి! కానీ అదే ఫోన్‌లో ఇంకో మాట కూడా చెప్పింది. యాప్ కాన్పు తేదీ నవంబర్ 17 అని చూపించిందట, సెలవులూ ప్రయాణాలూ అన్నీ దాన్నిబట్టి రాసేసుకున్నావట, స్కాన్ ఐదో నెలలో చూద్దాంలే అన్నావట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

యాప్ చేసింది పాత లెక్కే. ఆఖరి నెలసరి మొదలైన రోజుకు ఏడు రోజులు కలిపి, మూడు నెలలు వెనక్కి వెళ్లి, ఏడాది చేర్చడం. నేగెలె అనే జర్మన్ డాక్టరు పేరుతో నేటికీ నడుస్తోంది. నీది ఫిబ్రవరి 10 కాబట్టి నవంబర్ 17 వచ్చింది, మొత్తం 280 రోజులు. అందులో మొదటి రెండు వారాలు అసలు కడుపే ఉండదు. 28 రోజులకోసారి నెలసరి వస్తుందనీ, 14వ రోజున అండం విడుదలవుతుందనీ అనుకుని కట్టిన లెక్క అది. నువ్వు పెద్దమనిషివైనప్పటి నుంచి నీకు 35 రోజులకు గానీ రాదు కదా! ఆ సంగతి యాప్‌కి చెప్పావా? చెప్పకపోతే వారం ముందుకు జరిపేసినట్టే. నీది 24 దగ్గర పడాలి.

అదీ ఖాయం కాదు. ఖాయం చేసేది తొలి స్కాన్. 13 వారాలు దాటకముందు బిడ్డను తల నుంచి పిరుదుల దాకా కొలుస్తారు. ఆ వయసులో పిండాలన్నీ ఇంచుమించు ఒకే తీరున పెరుగుతాయి కాబట్టి ఐదారు రోజుల తేడాతో తేదీ దొరుకుతుంది. తర్వాత ఒక్కో బిడ్డ ఒక్కో తీరు, చివరి నెలల స్కాన్‌లో మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. ఐదో నెల దాకా ఎందుకు ఆగుతావు? ఈ వారమే వెళ్లు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ అమ్మా చెప్పి ఉండదు.

తను మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు తేదీ కట్టింది నేనే. కాన్పుల వార్డులో నర్సుగా చేరి అప్పటికి నాలుగేళ్లు. "ఆఖరిసారి ఎప్పుడే?" అన్నాను. "పోయిన నెల పన్నెండున. రెండ్రోజులే, కొంచెంగా కనిపించింది అక్కా" అంది. నేను పన్నెండు పట్టుకున్నాను, కొంచెం అన్న మాట వదిలేశాను. అది నెలసరి కాదు. పిండం గర్భసంచి గోడకు అంటుకునే రోజుల్లో కొందరికి అలా కాస్త రక్తం కనిపిస్తుంది, అదీ సరిగ్గా నెలసరి రావలసిన రోజులకు దగ్గరలోనే. అసలు నెలసరి అంతకుముందు నెలది. నా తేదీ నాలుగు వారాలు వెనకబడింది. తొలి నెలల్లో స్కాన్ అప్పట్లో అందరికీ చేసేవాళ్లు కాదు.

నా లెక్కకు పదిహేనో వారంలో బిడ్డ కదిలిందని చెప్పింది. తొలి కాన్పుకి అప్పుడే ఎక్కడ తెలుస్తుందే, గ్యాస్ అయి ఉంటుందన్నాను. ఆరో నెలలో టేపు పెట్టి పొట్ట కొలిస్తే నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది. ఆ సెంటీమీటర్లు వారాలతో ఇంచుమించు సరిపోవాలని రోజూ వార్డులో చూస్తున్నదాన్నే. బిడ్డ బొద్దుగా ఉందని మురిసిపోయాను. నా అంకె తప్పయి ఉంటుందని ఒక్కసారీ తోచలేదు.

38వ వారం అనుకుంటున్న రోజుల్లో ఒక సాయంత్రం "అక్కా, కదలడం తగ్గింది" అంది. ఇంకా రెండు వారాలుంది, కిందికి దిగుతోంది, పడుకో అన్నాను. దాని పక్కనే పడుకున్నాను. నిద్ర కూడా పోయాను. తెల్లారి అది ఏడుస్తుంటే అప్పుడు తీసుకెళ్లాం. అప్పటికి నిజంగా 42 వారాలు. ఉమ్మనీరు బాగా తగ్గి, ఉన్న కాస్తా పచ్చగా మారింది. బిడ్డ చర్మం పొరలు పొరలుగా ఊడుతోంది, గోళ్లు వేళ్లు దాటి పెరిగాయి. ఏడవలేదు. ఆ గోళ్లు చూశాక నాకు లెక్క అర్థమైంది.

ఆ బిడ్డవు నువ్వే తల్లీ. ఐదు రోజులు అద్దాల పెట్టెలో ఉన్నావు. మీ అమ్మ ఈ రోజు వరకు నన్ను ఒక్క మాట అనలేదు.

కాబట్టి డాక్టరమ్మ దగ్గరకు వెళ్లేటప్పుడు నీ ఆఖరి మూడు నెలసరుల తేదీలు, ఒక్కోసారి ఎన్ని రోజులు, ఎంత అయింది, కాగితం మీద రాసుకుని వెళ్లు. గుర్తులేనిది గుర్తులేదనే చెప్పు, ఊహించి చెప్పకు. తొలి స్కాన్‌తో ఒక తేదీ నిలబెట్టాక, ఎనిమిదో నెల స్కాన్ వేరే తేదీ చూపిస్తే కంగారుపడకు. అది బిడ్డ ఎదుగుదల సంగతి, తేదీ మారదు.

ఆ రోజే కాన్పు అవుతుందని మాత్రం అనుకోకు. సరిగ్గా ఆ తేదీన పుట్టేది నూటికి నలుగురైదుగురే. 37 వారాలు నిండిన దగ్గర్నుంచి ఊరు కదలకుండా ఉండేలా సెలవు మార్చుకో. 41 దాటితే ఇంట్లో కూర్చుని నొప్పుల కోసం చూడకు, డాక్టరు ఏం చెబితే అది చెయ్యి.

చివరి రోజుల్లో చోటు చాలక కదలికలు తగ్గుతాయని ఎవరైనా అంటారు, నేనే అన్నా సరే, నమ్మకు. తగ్గినట్టు అనిపిస్తే అర్ధరాత్రయినా ముందు ఆసుపత్రికి వెళ్లు. నాకు ఫోన్ అక్కడికి చేరాక చెయ్యి.

నీ పెద్దమ్మ